పరీక్షా మందిరము నుండి పాలక పీఠమునకు

విద్యాలయపు తలుపు తట్టిన స్త్రీకి ఆ తలుపు తెరచుకొనుట ఒక ఘట్టము. ఆ తలుపును ఎవరికి తెరువవలెనో, ఎవరికి మూయవలెనో నిర్ణయించు సభలో ఆమెకును ఒక ఆసనము లభించుట మరియొక ఘట్టము. మొదటిది అనుమతి; రెండవది అధికారము. భారతదేశమున స్త్రీల ఉన్నత విద్యా చరిత్ర ఈ రెండు ఘట్టముల నడుమ సాగిన ప్రయాణము. కలకత్తా విశ్వవిద్యాలయము స్త్రీలను పరీక్షలకు అంగీకరించినది 1878లో. స్త్రీ పురుషులు కలసి చదువు ఒక భారతీయ విశ్వవిద్యాలయమునకు ఒక మహిళ ఉపకులపతి యైనది 1949లో. ఈ రెంటికి నడుమ డెబ్బదియొక్క సంవత్సరముల ఎడము కలదు.

కార్యాలయములలో పని చేయు వారందరికి తెలిసిన విషయమొకటి కలదు. ఒక విన్నపమును మంజూరు చేసినచో ఒక్కరికి మేలు కలుగును. ఒక నిబంధనను మార్చినచో తరువాత వచ్చు వారందరికి మేలు కలుగును. ఈ చరిత్రలో చిరస్మరణీయులైన మహిళలు తమ విన్నపమును నెగ్గించుకొని తృప్తి పడినవారు కారు. దానిని అందరికి వర్తించు నిబంధనగా మార్చుటకు యత్నించినవారు. వారి జీవితములను ఈ దృష్టితో పరిశీలించుట ప్రయోజనకరము.

1876వ సంవత్సరమున డెహ్రాడూనులోని ఒక క్రైస్తవ బాలికా పాఠశాలలో చంద్రముఖీ బసు అను వంగ బాలిక చదువుచుండెను. ఆమె కలకత్తా విశ్వవిద్యాలయపు ప్రవేశ పరీక్షకు కూర్చుండ గోరెను. ఆ విశ్వవిద్యాలయము 1857లో స్థాపితమైనది. దాని నిబంధనలను రచించిన పెద్దలు పురుష విద్యార్థులనే తలచుకొని రచించిరి. ఒక బాలిక పరీక్షకు వచ్చునను ఊహ వారికి కలిగి యుండదు. దీర్ఘ చర్చ జరిగిన పిమ్మట ఆమె పరీక్ష వ్రాయుటకు అంగీకరించిరి గాని, ఒక షరతు విధించిరి. ఆమె సమాధానములను పరీక్షకులు చూతురు. ఉత్తీర్ణుల జాబితాలో మాత్రము ఆమె పేరు ప్రకటింపబడదు. ఆమె పరీక్ష వ్రాసినది. ఉత్తీర్ణతకు తగిన ప్రమాణమును అందుకొనినదని పరీక్షకులు తేల్చిరి. అయినను జాబితాలో ఆమె పేరు లేదు.

ఇది చూచుటకు చిన్న విషయము. కాని యోగ్యత ఉన్నదని ఒప్పుకొనుచునే, ఆ యోగ్యతకు పేరు పెట్టుటకు నిరాకరించుట ఎంతటి అన్యాయమో ఆ బాలికకు తెలిసి యుండును. ఆమె పట్టుదల వ్యర్థము కాలేదు. కలకత్తాలో కాదంబినీ బసు అను మరియొక బాలికయు అదే పరీక్షకు సిద్ధమగుచుండుటచే ప్రశ్న మరల విశ్వవిద్యాలయపు సెనేటు ముందునకు వచ్చినది. 1878 ఏప్రిలులో సెనేటు స్త్రీలను పరీక్షలకు అంగీకరించుచు తీర్మానము చేసెను. ఆ యేటనే కాదంబిని ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణురాలయ్యెను. అదే 1878లో లండను విశ్వవిద్యాలయమును తన పట్టములను స్త్రీలకు తెరచినది. ఆక్స్‌ఫర్డు 1920 వరకును, కేంబ్రిడ్జి 1948 వరకును స్త్రీలకు పట్టములు ఈయనే లేదు. ఈ విషయమున వంగదేశము పాశ్చాత్య విద్యాపీఠములకంటె వెనుకబడి యుండలేదని చెప్పవచ్చును.

పరీక్షకు అనుమతి లభించినంత మాత్రమున చదువుకొనుటకు చోటు లభించినట్లు కాదు. కలకత్తాలో డ్రింక్‌వాటర్ బెథూన్ 1849లో స్థాపించిన బాలికా పాఠశాల ప్రసిద్ధమైనది. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు దానికి కార్యదర్శిగా నుండి పోషించిరి. 1879లో కాదంబిని కొరకై అక్కడ కళాశాల తరగతి ఆరంభమైనది. కాని ఆ కాలమున బెథూన్ విద్యాలయము హిందూ బాలికలను మాత్రమే చేర్చుకొనుచుండెను. చంద్రముఖి క్రైస్తవురాలు. స్త్రీ యను కారణమున ఒక తలుపు మూయబడగా, మతము కారణమున మరియొక తలుపు మూయబడినది. ఆమె మిషనరీల కళాశాలలో ఎఫ్.ఏ. చదివి ఉత్తీర్ణురాలై, ఆ నియమము సడలిన పిమ్మటనే బి.ఏ. చదువుటకు బెథూన్‌లో చేరగలిగెను. 1883 నాటి స్నాతకోత్సవమున చంద్రముఖి, కాదంబిని ఇరువురును పట్టభద్రులైరి. కలకత్తా విశ్వవిద్యాలయపు తొలి మహిళా పట్టభద్రులు వీరే.

1884లో చంద్రముఖీ బసు ఆంగ్ల సాహిత్యమున ఎం.ఏ. పట్టము పొంది, ఆ పట్టమందిన తొలి మహిళ యైరి. విద్యాసాగరుడు సంతోషించి షేక్‌స్పియరు గ్రంథములను ఆమెకు బహూకరించిరి. అనంతరము ఆమె బెథూన్ కళాశాలలో అధ్యాపకురాలై, 1888లో ప్రధానాచార్య పదవిని అధిష్ఠించిరి. ఒకనాడు మతభేదముచే తనను చేర్చుకొనజాలని విద్యాలయమునకే ఆమె అధినేత్రి యగుట కాలము చేసిన చమత్కారము. ఈ ఉపఖండమున పట్టపు చదువు చెప్పు కళాశాలకు ఒక మహిళ అధిపతి యగుట అదియే మొదటిసారి. అనారోగ్య కారణమున ఆమె 1891లో ఉద్యోగ విరమణ చేసి డెహ్రాడూనులో విశ్రాంత జీవితము గడపి, 1944లో కన్నుమూసిరి. ఆమె పదవిలో నున్న కాలము స్వల్పము. అయినను, స్త్రీ కళాశాలను నడుపగలదా యను ప్రశ్న ఆమె తరువాత అదే రీతిని అడుగుటకు వీలులేకపోయినది.

కాదంబిని వేరొక త్రోవ పట్టిరి. ద్వారకానాథ్ గంగూలీని వివాహమాడి, కలకత్తా వైద్య కళాశాలలో ప్రవేశించిరి. స్త్రీల ప్రవేశమునకు అక్కడి అధ్యాపకులలో కొందరు ప్రతికూలురు. తుది పరీక్షలో ఒక పరీక్షకుడు ప్రయోగ విభాగమున ఆమెను ఉత్తీర్ణురాలిగా అంగీకరింపనందున ఎం.బి. పట్టమునకు బదులు, 1886లో కళాశాల ఇచ్చు యోగ్యతాపత్రముతోనే ఆమె వైద్యవృత్తిని ఆరంభించిరి. పిమ్మట బ్రిటనుకు పోయి ఎడింబరో, గ్లాస్గో, డబ్లిను నగరముల వైద్య సంస్థల నుండి యోగ్యతలు సంపాదించి తిరిగి వచ్చిరి. ఒక వంగ పత్రిక ఆమె శీలముపై నింద వేయగా, 1891లో న్యాయస్థానమున అభియోగము నడిపి ఆ సంపాదకునికి కారాగార శిక్ష పడునట్లు చేసిరి. చదువుకొనిన స్త్రీని ప్రశ్నపత్రముతో ఓడింపలేనివారు అపవాదుతో ఓడింప జూచుట ఆ కాలమున తరచుగ జరిగినదే. కాదంబిని మౌనముగా భరింపక చట్టమును ఆశ్రయించుట తరువాతి వారికి ధైర్యము నిచ్చినది.

పశ్చిమ భారతమున కొర్నేలియా సొరాబ్జీ అనుభవము ఇట్టిదే. నాసికలో 1866లో జన్మించిన ఆమె పూనాలోని దక్కన్ కళాశాలలో చదివి, బొంబాయి విశ్వవిద్యాలయపు తొలి మహిళా పట్టభద్రురాలైరి. పరీక్షలో ఆమె పొందిన స్థానము ఇంగ్లండులో చదువుటకు ప్రభుత్వ విద్యార్థి వేతనమును తెచ్చిపెట్టవలసినది. స్త్రీ యగుటచే అది లభింపలేదు. ఆమె కొంతకాలము అహమ్మదాబాదులోని గుజరాతు కళాశాలలో అధ్యాపకత్వము వహించి, ఇంగ్లండులోని హితుల సహాయముతో 1889లో ఆక్స్‌ఫర్డులోని సోమర్‌విల్ కళాశాలలో చేరిరి. 1892లో న్యాయశాస్త్ర పరీక్ష వ్రాసిరి. పట్టము మాత్రము 1922లో గాని చేతికందలేదు. ఒక పరీక్షకు ముప్పది సంవత్సరముల పిమ్మట పట్టము లభించుట! ఆమె విద్యలో ఆ ముప్పదేండ్లలో మార్పేమియు లేదు, మారినది నిబంధన. భారతదేశమున స్త్రీలు న్యాయవాదులుగా చేరుటకు 1923 నాటి చట్టము వలన అధికారము లభించినది.

అయితే ఈ మహిళల విజయములను చెప్పునప్పుడు ఒక సత్యమును విస్మరింపరాదు. వీరిలో పెక్కుమందికి విద్యావంతులైన తండ్రులో, సంస్కారులైన భర్తలో, మిషనరీ పాఠశాలలో అండగా నుండిరి. సామాన్య కుటుంబములలోని బాలికకు అట్టి అండ లేదు. ఆమెకు ప్రథమ విఘ్నము విశ్వవిద్యాలయపు నిబంధన కాదు, బాల్యవివాహము. చదువుకొను వయస్సును, వివాహ వయస్సును ఒక్కటియే యైనపుడు పుస్తకము ఓడుట నిశ్చయము. బాలికల వివాహమునకు పదునాలుగేండ్ల వయస్సును నిర్ణయించిన శారదా చట్టము 1929లో గాని రాలేదు. ఈ బాలికలను, ముఖ్యముగా బాల వితంతువులను తలచుకొని పని చేసిన మహనీయుడు ధోండో కేశవ కార్వే. పూనాలోని ఫెర్గుసన్ కళాశాలలో గణితము బోధించుచునే 1896లో వితంతు శరణాలయమును నెలకొల్పిరి. జపానులోని మహిళా విశ్వవిద్యాలయమును గూర్చి చదివి ప్రేరితుడై, 1916లో భారతీయ మహిళా విశ్వవిద్యాలయమును స్థాపించిరి. అందు బోధన మాతృభాషలో సాగెను. 1920లో విఠల్‌దాస్ ఠాకర్సీ ఆ సంస్థకు పదునైదు లక్షల రూపాయల విరాళము ప్రకటించుటతో అది ఠాకర్సీ తల్లి పేర ప్రసిద్ధమైనది. స్త్రీలకు వేరు విశ్వవిద్యాలయము అవసరమా, వేరు పాఠ్యక్రమము ఉచితమా యను వివాదము ఆనాడే పుట్టి చిరకాలము సాగినది.

తెలుగునాట ఈ కథ మరికొంత భిన్నముగ నడచినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించిరి. అదే 1874లో జన్మించిన భండారు అచ్చమాంబ ఏ పాఠశాలలోను క్రమముగా చదివిన వారు కారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తోడ్పాటుతో ఇంటనే విద్య నార్జించి, అబలా సచ్చరిత్ర రత్నమాల యను గ్రంథమును రచించి, స్త్రీల చరిత్రను స్త్రీయే వ్రాయుటకు తెలుగున దారి తీసిరి. పిన్న వయస్సుననే ఆమె అస్తమించిరి. ఆ తరము తెలుగు స్త్రీకి కళాశాల చాల దూరము. 1914లో మదరాసులో క్వీన్ మేరీస్ కళాశాలయు, మరుసటి యేట మహిళా క్రైస్తవ కళాశాలయు వెలసినవి గాని, ఆంధ్ర మండలముల బాలిక ఇల్లు విడిచి మదరాసు చేరవలసి యుండెను. హైదరాబాదున 1924లో ఏర్పడి, పిమ్మట కోఠీలోని పూర్వపు రెసిడెన్సీ భవనమున వర్ధిల్లిన మహిళా కళాశాల తెలంగాణ బాలికలకు ఆశ్రయమైనది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడినది. కాని విశ్వవిద్యాలయము ఉన్నంత మాత్రమున స్త్రీకి అందులో నివసించుటకు చోటున్నదా?

ఈ ప్రశ్నను వాల్తేరులో సూటిగా ఎదుర్కొనినవారు శ్రీమతి దుర్గాబాయి. ఆమె 1909 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. ఎనిమిదవ యేటనే వివాహమైనది. పెద్దయైన పిమ్మట ఆ వివాహ బంధమును ఆమె అంగీకరింపలేదు. ఆంగ్ల బోధనకు నిరసనగా బాల్యముననే పాఠశాల విడిచి, హిందీ నేర్చుకొని, ఇతర బాలికలకు నేర్పుటకు పాఠశాల పెట్టిరి. 1923లో కాకినాడ కాంగ్రెసు సమయమున స్వచ్ఛంద సేవికగా ప్రదర్శనశాల ద్వారమున నిలిచి, టిక్కెట్టు లేని కారణమున జవహర్లాలు నెహ్రూ అంతటి వానిని ఆపిన కథ తెలుగువారందరును ఎరిగినదే. ఆ కథను కేవలము వినోదముగా చెప్పుకొనుట సరికాదు. నియమము అందరికి ఒక్కటియే యను విశ్వాసము ఆ బాలికయందు ఆనాడే స్థిరపడినదనుటకు అది నిదర్శనము. ఆమె తరువాతి జీవితమంతయు ఆ విశ్వాసమునకు వ్యాఖ్యానము.

ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని 1930, 1933 సంవత్సరముల నడుమ ఆమె పలుమారులు కారాగారవాసము చేసిరి. చెరసాల నుండి వెలువడునాటికి ఆమె వయస్సు ఇరువది నాలుగేండ్లు. చేతిలో ఒక్క పరీక్షా పత్రమును లేదు. ఆ వయస్సున తెలుగు స్త్రీ మెట్రిక్యులేషను పాఠములు మొదలు పెట్టుట లోకము నవ్వు విషయము. ఆమె నవ్వును లెక్క చేయలేదు. ప్రైవేటుగా చదివి కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణురాలై, ఇంటర్మీడియెటును ముగించి, రాజనీతి శాస్త్రమున ఆనర్సు చదువుటకు ఆంధ్ర విశ్వవిద్యాలయమును ఆశ్రయించిరి.

అప్పుడు అక్కడ ఉపకులపతిగా నున్నవారు కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఆయన స్త్రీ విద్యకు విరోధి కారు. అయినను విద్యార్థినులకు వసతి గృహము లేనందున చేర్చుకొనుటకు సంకోచించిరి. కార్యాలయ వ్యవహారములలో ఇట్టి సమాధానము కొత్తది కాదు. అభ్యర్థినికి అర్హత ఉన్నది, అధికారికి సద్భావమున్నది, కాని ఏర్పాటు లేదు. వసతి గృహము లేనందున విద్యార్థినులు రారు. విద్యార్థినులు రానందున వసతి గృహము కట్టరు. ఈ వలయమును దుర్గాబాయి ఛేదించిన విధము గమనింపదగినది. తన ఒక్కరి కొరకు మినహాయింపును కోరలేదు. చదువుకొన గోరు ఇతర యువతులు ముందుకు రావలసినదిగా పత్రికలో ప్రకటన చేసిరి. కొందరు యువతులు స్పందించిరి. వారితో కలసి వసతి గృహమును ఏర్పరచుకొనిరి. కారణము తొలగగా అభ్యంతరమును తొలగినది. ఆనర్సు పట్టము పొందిన పిమ్మట ఆమె మదరాసులో న్యాయశాస్త్రము చదివి 1942లో పట్టభద్రురాలైరి.

ఆమె చదువు సాగించిన ఆ సంవత్సరములలోనే, 1937లో, మదరాసున ఆంధ్ర మహిళా సభ ఆవిర్భవించినది. దాని తొలి కార్యములలో ముఖ్యమైనది, పాఠశాల చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను, వితంతువులను కాశీ మెట్రిక్యులేషనుకు సిద్ధము చేయుట. తాను ఒంటరిగా నడచిన దారిని ఇతరులు నడచుటకు వీలుగా ఆమె చదును చేసిరి. తన అనుభవమే పాఠ్యప్రణాళిక యైనది.

1946లో సమావేశమైన భారత రాజ్యాంగ సభలో పదునైదుగురు మహిళలు సభ్యత్వము వహించిరి. వారిలో దుర్గాబాయి ఒకరు. శ్రీమతి హంసా మెహతా మరియొకరు. హంసా మెహతా 1897లో జన్మించిరి. తండ్రి మనుభాయి మెహతా బరోడా సంస్థానపు దివాను. బరోడా కళాశాలలో తత్త్వశాస్త్రము చదివి, ఇంగ్లండులో విద్య కొనసాగించి, కులాంతర వివాహము చేసికొని వైద్యుడైన జీవరాజ మెహతా సహధర్మచారిణి యైరి. స్త్రీలు ప్రత్యేక రాయితీలను కోరలేదనియు, కోరినది సామాజిక, ఆర్థిక, రాజకీయ న్యాయమేననియు ఆమె రాజ్యాంగ సభలో స్పష్టము చేసిరి. 1947 ఆగస్టు 14వ తేదీ అర్ధరాత్రి సమావేశమున దేశ మహిళల పక్షమున జాతీయ పతాకమును సభకు సమర్పించిన గౌరవము ఆమెది.

ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల సంఘమున ఆమె భారత ప్రతినిధిగా నుండిరి. 1948 డిసెంబరు 10వ తేదీన అంగీకరింపబడిన సార్వజనిక మానవ హక్కుల ప్రకటన తొలి చిత్తులో, పురుషులందరును స్వతంత్రులుగా జన్మించుచున్నారని అర్థము వచ్చు పదము ఉండెను. ఆ పదమునందు స్త్రీలును ఇమిడి యున్నారని కొందరి వాదము. హంసా మెహతా దానిని అంగీకరింపలేదు. ఆ పదము ఆధారముగా స్త్రీలను వెలివేయు ప్రభుత్వములు ఉండగలవని హెచ్చరించిరి. తత్ఫలితముగ మానవులందరును అను అర్థమిచ్చు పదము అక్కడ చేరినది. కలకత్తా నిబంధనలను వ్రాసినవారు స్త్రీని తలపనందున చంద్రముఖి పేరు జాబితాకెక్కకపోవుటను జ్ఞప్తికి తెచ్చుకొనిన వారికి, ఈ ఒక్క పదపు మార్పు ఎంత విలువైనదో బోధపడును.

మరుసటి యేట, 1949లో, బరోడా కళాశాల ప్రధానాంగముగా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు హంసా మెహతా దానికి ఉపకులపతి యైరి. స్త్రీ పురుషులు కలసి చదువు విశ్వవిద్యాలయమునకు భారతదేశమున ఒక మహిళ ఉపకులపతి యగుట అదియే ప్రథమము. తాను చదివిన కళాశాల నుండి పెరిగిన విశ్వవిద్యాలయమును ఆమె 1958 వరకు నడిపిరి. లలిత కళలకు, గృహ విజ్ఞానమునకు, సంఘసేవా శాస్త్రమునకు అక్కడ విశ్వవిద్యాలయ స్థాయిలో స్థానము కల్పించిరి. మహిళ యొకరు ఆ పీఠమున కూర్చుండినచో విద్యాలయమున క్రమశిక్షణ నిలుచునా యని శంకించిన వారికి ఆ తొమ్మిది సంవత్సరములే సమాధానము.

ఆ కాలమున కూడ విద్యను గూర్చి నిర్ణయములు చేయు సభలలో స్త్రీలకు స్థానము అరుదు. స్వతంత్ర భారతమున ఉన్నత విద్యను విచారించుటకు 1948లో నియమితమైన రాధాకృష్ణన్ సంఘములోని సభ్యులు పదిమందియు పురుషులే. ఆ సంఘము స్త్రీ విద్య ఆవశ్యకతను గట్టిగా చెప్పినది. అయినను గృహ నిర్వహణకు సంబంధించిన విద్యకు స్త్రీల చదువులో ప్రత్యేక ప్రాముఖ్యము నిచ్చినది. 1950-51లో ఉన్నత విద్యాలయములందు నూరుగురు పురుషులకు స్త్రీలు పదునలుగురు మాత్రమే. ఈ స్థితిలో భారత ప్రభుత్వము 1958లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన జాతీయ మహిళా విద్యా సంఘమును నియమించెను. అంతకు ముందే ఆమె ప్రణాళికా సంఘ సభ్యురాలుగను, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలుగను పని చేసిరి.

1959లో వెలువడిన ఆ సంఘపు నివేదిక స్త్రీ విద్యను దేశమునకు ప్రత్యేకమైన ప్రధాన సమస్యగా భావింపవలెననియు, బాలబాలికల విద్యల నడుమ నున్న అంతరమును త్వరగా పూడ్పవలెననియు సిఫారసు చేసెను. వసతి గృహములు, ఉపాధ్యాయినులకు నివాసములు, వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమములు మొదలైన ఏర్పాట్లను కోరెను. ఆ యేటనే జాతీయ మహిళా విద్యా మండలి ఏర్పడగా దానికిని దుర్గాబాయియే ప్రథమాధ్యక్షురాలైరి. ఈ సిఫారసులలో వాల్తేరు వసతి గృహపు జాడ కనబడుట లేదా? చదువు ఆగిన స్త్రీలకు కాలమును కుదించి పరీక్షలకు సిద్ధము చేయు పథకమును సాంఘిక సంక్షేమ మండలి 1958లో దేశవ్యాప్తముగా ఆరంభించినది. మదరాసులో ఒక చిన్న తరగతిగా మొదలైన ప్రయత్నము రెండు దశాబ్దములలో ప్రభుత్వ పథకమైనది. విన్నపము నిబంధనగా మారుట యనగా ఇదియే.

1962లో హంసా మెహతా అధ్యక్షతన పని చేసిన మరియొక సంఘము, బాలబాలికలకు వేర్వేరు పాఠ్యక్రమములు అవసరము లేదనియు, స్త్రీ పురుషుల మానసిక శక్తులను గూర్చిన భేదభావములలో పెక్కు సమాజము కల్పించినవేయనియు అభిప్రాయపడెను. కార్వే కాలమున పుట్టిన వివాదమునకు, స్వయముగా విశ్వవిద్యాలయమును నడిపిన ఒక మహిళ చెప్పిన సమాధానము కనుక దానికి గౌరవము హెచ్చు.

ఢిల్లీ నగరమున నివసించు తెలుగు ఉద్యోగుల కుటుంబములకు ఈ చరిత్ర పరాయిది కాదు. స్వాతంత్ర్యము వచ్చిన తొలి దినములలో రాజధానికి వచ్చిన తెలుగువారి పిల్లలకు మాతృభాషలో విద్య యెట్లు లభించునను చింత కలిగినది. 1948లో దుర్గాబాయి ఇక్కడ ఆంధ్ర విద్యా సంఘమును స్థాపించిరి. ఆ సంఘపు పాఠశాలలు నగరమున పలు తావులకు విస్తరించినవి. రాజ్యాంగ రచన జరుగుచుండిన రోజులలో, అంతటి కార్యభారము నడుమ, గుమాస్తాల పిల్లల బడిని గూర్చి ఆలోచించుటకు ఆమెకు తీరిక దొరకినది. బదిలీపై వచ్చిన ఎన్ని కుటుంబముల బాలికలు ఆ బడులలో అక్షరములు దిద్దుకొని కళాశాలలకు పోయిరో!

దుర్గాబాయి 1981 మే 9వ తేదీన పరమపదించిరి. ఆ సంవత్సరముననే విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమునకు మాధురీ షా అధ్యక్షురాలైరి. ఒకప్పుడు దుర్గాబాయి భర్త చింతామణి దేశ్‌ముఖ్ వహించిన పదవి యది. 1983లో తిరుపతిలో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము వెలసినది. 2021-22 నాటి అఖిల భారత ఉన్నత విద్యా సర్వేక్షణ ప్రకారము దేశమున ఉన్నత విద్య నభ్యసించుచుండిన 4.33 కోట్ల మందిలో 2.07 కోట్ల మంది స్త్రీలు. నూరుగురికి పదునలుగురను కాలము నుండి దాదాపు సమానత్వమునకు చేరుట సామాన్య విజయము కాదు. అదే సర్వేక్షణలో అధ్యాపకులను లెక్కించినచో నూరుగురు పురుషులకు స్త్రీలు 77 మంది.

అధ్యాపక పీఠమునకంటె పైమెట్టున ఆలస్యము మరియు హెచ్చు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయము 1920లో ఏర్పడినప్పుడు దాని ప్రథమ కులపతి ఒక మహిళయే. ఆమె భోపాలు నవాబు సుల్తాన్ జహాన్ బేగము. కాని నిత్య పరిపాలన నిర్వహించు ఉపకులపతి పదవి ఆ విశ్వవిద్యాలయమున ఒక మహిళకు లభించినది 2024లో. ఢిల్లీలోని జామియా మిలియాలో ఆ ఘట్టము 2019లోను, జవహర్లాలు నెహ్రూ విశ్వవిద్యాలయమున 2022లోను సంభవించినది. గౌరవ పీఠమును ఈయుట సులభము. సంతకము చేయు అధికారమును ఈయుట కష్టము. ఈ రెంటికి నడుమ అలీగఢ్‌లో నూట నాలుగు సంవత్సరములు పట్టినవి.

కావున ఈ చరిత్ర ముగిసినదని తలపరాదు. ఇది పురుషులపై స్త్రీలు సాధించిన విజయముల పట్టికయు కాదు. విద్యాసాగరుడు, కార్వే, వీరేశలింగము వంటి వారు తలుపు తెరచుటకు తోడ్పడిరి. కాని లోపల ఏది కొరవడినదో బయట నిలిచి ఎదురుచూచిన వారికి తెలిసినట్లు ఇతరులకు తెలియదు. జాబితాలో పేరు లేని బాధ చంద్రముఖికి తెలియును. పదములో తనకు చోటు లేనప్పటి ప్రమాదము హంసా మెహతాకు తెలియును. వసతి గృహము లేని చిక్కు దుర్గాబాయికి తెలియును. అందుచేతనే నిర్ణయములు చేయు చోట వారు ఉండుట వారికి చేసిన ఉపకారము కాదు. విద్యకు జరిగిన ఉపకారము.

ఢిల్లీ విశ్వవిద్యాలయపు దక్షిణ ప్రాంగణమునకు చేరువనున్న మెట్రో స్టేషనుకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టిరి. అక్కడ దిగి తరగతులకు పోవు విద్యార్థినులలో ఆ పేరు ఎవరిదో ఎరిగినవారు ఎందరో చెప్పలేము. ఆ దారిని పోవు తెలుగు తల్లిదండ్రులు తమ బిడ్డలకు ఆమె కథ చెప్పుదురు గాక. కాకినాడ ప్రదర్శనశాల ద్వారమున టిక్కెట్టు అడిగిన బాలికనే గాక, వాల్తేరులో ఇతర బాలికలను వెంటబెట్టుకొని లోపలికి ప్రవేశించిన యువతిని గూర్చియు చెప్పుదురు గాక.